అన్నిటికన్నా పైనున్న రూల్

ట్రామ్ స్టాప్‌లో టైమ్ టేబుల్ బోర్డు చదువుతూ ఉండగా బాబాయ్‌ని కాల్చారు. రెండు గుళ్ళు. పక్కనున్నావిడ ఏదో టైరు పేలిందనుకుని రోడ్డు వైపు చూసింది. ఆవిడ మళ్ళీ ఇటు తిరిగేసరికి బోర్డు ముందు ఎవరూ లేరు. కింద ఉన్నాడు.

బాబాయ్ ఆ స్టాప్‌కి వెళ్ళడం అదే మొదటిసారి. అక్కడికి వెళ్ళమని ఆ ఉదయమే సొంత ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది. పంపినవాళ్ళకీ అందుకున్నవాడికీ తప్ప తెలియకూడని సంగతి అది. చంపినవాళ్ళకీ తెలిసింది.

బాబాయ్ పనిచేసిన గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో ఫీల్డ్ మనుషుల కోడ్ నేమ్స్ అన్నీ చుట్టరికాలే. "పిన్ని ఊరి నుంచి వస్తోంది" అని ఫోన్లో అంటే వినేవాడికి అనుమానం రాదని ఎప్పుడో ఎవరో పెట్టిన పద్ధతి. ఒక్కటే ఇబ్బంది. ఎవరైనా పోయినప్పుడు ఆ ఏడుపు ఆఫీసుదో ఇంటిదో తేలేది కాదు.

"బావా, కూర్చో," అన్నాడు పెద్దాయన.

పెద్దాయన డిపార్ట్‌మెంట్ చీఫ్. గది ఆరో అంతస్తులో. ఆయన మాత్రం కూర్చోలేదు. కంప్యూటర్ ఎదుట టేబుల్ పట్టుకుని నిలబడి ఎడమకాలు వెనక్కి మడుస్తూ, దించుతూ మాట్లాడాడు. మోకాలి చిప్ప అరిగింది. గంటకోసారి ఆ వ్యాయామం చెయ్యాలి.

బావ వయసు నలభై నాలుగు. పెళ్ళి కాలేదు. ఆ పేరు పెట్టిన కొత్తలో ఆడ ఆఫీసర్లు అతన్ని పిలవడానికి మొహమాటపడేవారు. వాళ్ళకి అలవాటయ్యాక మొహమాటం అతనికి పట్టుకుంది.

"బాబాయ్ పోయాడు. పిన్ని ఇంకా అక్కడే ఉంది," అన్నాడు పెద్దాయన. "రేపు సాయంత్రం నాలుగింటికి బయటికి లాగాలి. అల్లుడు కారుతో పాత వంతెన దగ్గర ఉంటాడు. అతనికి మనిషిని పంపి చెప్పించాం. పిన్నికి చెప్పాలి."

"ఆవిడకీ మనిషిని పంపొచ్చుగా."

"ఎక్కడికని పంపను? ఎక్కడ దాక్కుందో మనకే తెలీదు. తెలియకూడదనే అలా పెట్టుకున్నాం. ఆవిడ చేతిలో ఉన్న పరికరం రోజుకి పది నిమిషాలు తెరుచుకుంటుంది. నా కంప్యూటర్ నుంచి, నా వేలిముద్రతో వెళ్ళిన మెసేజ్ తప్ప ఇంకేదీ తీసుకోదు."

"అంటే ఈ బిల్డింగ్ నుంచే వెళ్ళాలి."

"ఈ బిల్డింగ్ నుంచే బాబాయ్ మెసేజ్ కూడా వెళ్ళింది." పెద్దాయన కాలు మార్చాడు. "కన్నం ఎక్కడుందో రేపు మధ్యాహ్నానికి చెప్పు. లేకపోతే పిన్నిని మనమే పంపించినట్టు, వాళ్ళ దగ్గరికి."

బాబాయ్, పిన్ని ఆ పరాయి దేశంలో ఆరేళ్ళు ఒకే ఫ్లాట్‌లో భార్యాభర్తలుగా ఉన్నారు. అది డ్యూటీ. ఆఫీసు కాగితాల్లో ఆవిడ ఎవరికీ భార్య కాదు.

మరునాడు ఉదయం బావ మంటలార్పే సిలిండర్లు తనిఖీ చేసేవాడి వేషంలో సొంత ఆఫీసులోకి వచ్చాడు. దొంగ లోపలే ఉంటే వాడికి తెలియకూడదని ఆ వేషం. చేతి గడియారంలో సిగ్నల్స్ ఆపే జామర్ ఉంది. గేటు దగ్గర స్కానర్ దాన్ని పట్టుకుంది. గార్డు దాన్ని డబ్బాలో వేసి టోకెన్ ఇచ్చాడు. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన గాడ్జెట్ అదొక్కటే.

నెట్‌వర్క్ గది మూడో అంతస్తులో. కిటికీ లేదు. అక్కడి ఇంజనీరుని అందరూ రూల్సు అంటారు. ఏసీకి తట్టుకోలేక ఏడాది పొడుగునా స్వెటర్ వేసుకుంటాడు. బల్ల మీద ఫోన్ మోగుతోంది. ఎత్తలేదు.

"సిలిండర్ ఆ మూలనుంది," అన్నాడు రూల్సు. "అయినా సిలిండర్ కోసం వచ్చినవాళ్ళు సిలిండర్ వైపు చూస్తారండీ. మీరు నా స్క్రీన్ వైపు చూస్తున్నారు."

బావ తలుపు వేశాడు. "లోపలికొచ్చే, బయటికెళ్ళే ట్రాఫిక్ అంతా నీ గేట్‌వే మీదుగానే కదా. ఎలా చూస్తుంది?"

"రూల్స్ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పై నుంచి కిందికి చదువుకుంటూ వస్తుంది. మొదట ఏది సరిపోతే దాన్ని పాటిస్తుంది. దాని కింద ఏం రాసున్నా పట్టించుకోదు."

"మరీ బిగిస్తే?"

"పనులాగిపోతాయి. జనం ఊరుకుంటారా? సొంత ఫోన్ తీసి దాన్నుంచి నెట్ పెట్టుకుంటారు. అప్పుడు నేను కాపలా కాసేది ఖాళీ ఇంటికి."

"వదిలేస్తే?"

"బాబాయ్‌కి జరిగిందే," అన్నాడు రూల్సు.

ఫోన్ ఆగి మళ్ళీ మోగింది.

"అన్నిటినీ విప్పి చూస్తున్నావా?"

"మూడు తప్ప. బ్యాంకు, డాక్టరు, కౌన్సెలరు. ఈ మూడింటికీ వెళ్ళే కనెక్షన్లు కవరు విప్పకుండా పంపిస్తాం. రాసి ఇచ్చిన మాట అది."

"ఎందుకిచ్చారు?"

"అప్పట్లో ఒకాయన కౌన్సెలర్‌కి రాసుకున్న మాటలు ప్రమోషన్ కమిటీ బల్ల మీదికొచ్చాయి. సెక్యూరిటీ వాళ్ళు విప్పారు, అడిగితే ఇచ్చారు. ఆ తర్వాత కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళేవాళ్ళే లేరు. వెళ్ళి తీరాల్సిన వాడొకడు కూడా వెళ్ళలేదు." రూల్సు స్వెటర్ చేతులు కిందికి లాక్కున్నాడు. "ఐదో అంతస్తు కుర్రాడండీ. వాడు పోయిన తర్వాతే మాటిచ్చారు."

పదకొండింటికి బావ ఫర్నిచర్ షోరూమ్‌కి వెళ్ళాడు. రెండో వరసలో సోఫా మీద ఒకావిడ కాలు మీద కాలేసుకుని కూర్చుంది. ముగ్గురు సేల్స్‌మెన్ ఆవిడ చుట్టూ ఉన్నారు. అవతల కుర్చీ ధర అడిగిన ముసలాయన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు.

"దీనికి వారంటీ ఎన్నేళ్ళు?" అన్నాడు బావ.

"కూర్చోకపోతే చాలా ఏళ్ళు," అంది ఆవిడ.

కోడ్ సరిపోయింది. సేల్స్‌మెన్‌ని రంగుల కేటలాగ్ తెమ్మని మూడు దిక్కులకీ పంపేసింది. ఆవిడ బాబాయ్‌ని చంపిన విదేశీ ముఠాలో పనిచేస్తుంది. రెండేళ్ళుగా ఇటు వైపుకీ సమాచారం అమ్ముతోంది. ఇంతవరకూ చెప్పినవి ఏవీ తప్పు కాలేదు. తనకి మరదలు అన్న పేరు తానే పెట్టుకుంది.

"సిలిండర్ల వేషం బాగుంది బావా. నీకెప్పుడూ ఏదో ఒకటి ఆర్పడమేగా పని."

"బాబాయ్ సంగతి చెప్పు."

"పాపం, మంచివాడు. ఒకసారి నాకు గొడుగిచ్చాడు. తిరిగి ఇవ్వలేదు నేను." కాసేపు సోఫా గుడ్డని వేలితో గీసింది. "మీ కన్నం డాక్టర్ల దారిలో ఉంది. మీరు విప్పని కవర్లు ఉన్నాయే, అందులోంచే మావాళ్ళకి అందుతోంది."

"ఎవరు పంపుతున్నారు?"

"అది నాకు చెప్తారా? అన్నీ విప్పండి, దొరుకుతుంది. దొరకలేదంటే లేనట్టే, ధైర్యంగా మెసేజ్ పంపుకోండి." లేచి హ్యాండ్‌బ్యాగ్ తగిలించుకుంది. "తొందరగా. పిన్నిని వెతకడానికి మావాళ్ళు వీధికో మనిషిని పెట్టారు."

ఈ మాట విన్న పెద్దాయన ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. రూల్సుని ఆరో అంతస్తుకి పిలిపించాడు.

"మూడు దారులూ విప్పు. అందరివీ."

"సార్, మాటిచ్చాం. ఒకసారి విప్పితే మళ్ళీ..."

"అక్కడ ఒక మనిషి ప్రాణం మీదికొచ్చింది. ఇక్కడ నువ్వు సార్ సార్ అంటున్నావు."

"విప్పితే కొన్ని యాప్‌లు పని చెయ్యవు సార్. కవరు ఎవరో విప్పారని తెలిస్తే అవి మాట్లాడటం మానేస్తాయి. ఏవేవి ఆగుతాయో ముందు ఒక పూట చూసి..."

"పూట ఎక్కడిది?"

రూల్సు బావ వైపు చూశాడు. బావకి కూడా ఐదో అంతస్తు కుర్రాడు తెలుసు. పిన్నీ తెలుసు. "విప్పు," అన్నాడు.

విప్పిన పావుగంటకి జీతాల యాప్ ఆగింది. తర్వాత క్యాంటీన్ కార్డు. రూల్సు ఫోన్ ఆగకుండా మోగింది. కంప్లయింట్లు స్క్రీన్ మీద ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. వాటిని చదివే తీరిక ఇద్దరికీ లేదు. కారిడార్‌లో ఎవరో "ఒరేయ్, నీ హాట్‌స్పాట్ ఆన్ చెయ్యరా" అని అరవడం వినిపించింది.

బావ, రూల్సు పక్కపక్కన కూర్చుని విప్పిన కవర్లు చదివారు. నాలుగో అంతస్తు అనువాదకురాలికి రొమ్ములో గడ్డ. భర్తకి ఇంకా చెప్పలేదు. గేటు గార్డు నిద్రమాత్రలు లేనిదే పడుకోలేడు. బావ పక్క సీటాయన కొడుక్కి ఐదేళ్ళొచ్చినా మాట రాలేదు. ఆయన రోజూ ఆఫీసులో కొడుకు గురించి జోకులు చెప్తాడు. ఒకావిడ కౌన్సెలర్‌కి రాసిన మొదటి వాక్యం చదివి బావ కళ్ళు పక్కకి తిప్పుకున్నాడు. తర్వాత మళ్ళీ తిప్పి చదివాడు. డ్యూటీ.

"మీదీ వచ్చిందండీ," అన్నాడు రూల్సు. "కొలెస్ట్రాల్ కాస్త ఎక్కువే ఉంది."

"ముఠా సంగతి చూడు."

"చూస్తూనే ఉన్నాను. రోగాలు తప్ప ఏమీ లేవు."

రెండింటి దాకా చదివారు. దేశరహస్యం ఒక్కటీ బయటికి వెళ్ళలేదు. బావ పైకి ఫోన్ చేశాడు.

"ఏమీ లేదా?" అన్నాడు పెద్దాయన.

"లేదు సార్. అందరివీ చూశాం."

"అయితే ఇల్లు శుభ్రం. ఇంకాసేపట్లో పిన్ని పరికరం తెరుచుకుంటుంది. టైప్ చేస్తున్నాను." ఫోన్ పెట్టేశాడు.

బావ కుర్చీలో వెనక్కి వాలాడు. లేచి మంచినీళ్ళు తాగాడు. బిల్డింగ్‌లో ఉన్న ప్రతి మనిషి ఒంట్లో ఏముందో ఇప్పుడతనికి తెలుసు. వంటవాడి అల్సర్ తెలుసు. డ్రైవర్ల వెన్నుపూసలు తెలుసు.

"రూల్సూ, పెద్దాయన మోకాలేది?"

"అంటే?"

"అందరి రోగాలూ చదివాం. గంటకోసారి కాలు మడుస్తాడే, ఆయన డాక్టరు కవరు నాకు కనిపించలేదు."

రూల్సు ముందుకి వంగాడు. మౌస్ పట్టుకుని రూల్స్ జాబితా పైకి జరిపాడు. పైకి, ఇంకా పైకి. చిట్టచివర, అన్నిటికన్నా పైన ఒక రూల్ ఉంది. దాని పేరు 'తాత్కాలికం'.

"ఆయన క్లినిక్‌ది," అన్నాడు. "వ్యాయామం వీడియో మధ్యలో ఆగిపోతోందని గొడవ చేశారు. విప్పొద్దు, ఆపొద్దు, లాగ్‌లో రాయొద్దు అని పెట్టించారు. ఒక్క వారం అన్నారు."

"ఎప్పుడు?"

"మూడేళ్ళయిందండీ."

"ఇందాక చెప్పాలి కదయ్యా!"

"అందరివీ విప్పమన్నారు, విప్పాను. అన్నది ఆయనే కదా. ఆయనది కూడానా అని ఎలా అడుగుతాను? నాకసలు తట్టనే లేదు."

"ఆ వీడియోలో ఏముంటుంది?"

"ఉత్త వీడియో కాదండీ. కాలు సరిగ్గా మడుస్తున్నారో లేదో చూడటానికి క్లినిక్ వాళ్ళు కంప్యూటర్లో ఒక ప్రోగ్రామ్ పెట్టారు. కెమెరాలో పడేదంతా దానికి కనిపిస్తుంది." రూల్సు గొంతు తగ్గింది. "స్క్రీన్ కూడా."

పెద్దాయన ఫోన్ ఎంగేజ్ వచ్చింది. రిసీవర్ పక్కన పెట్టి టైప్ చేస్తాడు ఆయన.

"దాని మీద ఇంకో రూల్ పెట్టు. క్లినిక్ బ్లాక్. ఎంతసేపు?"

"రాయడం క్షణం. గేట్‌వే ఒప్పుకుని అమలు చెయ్యడానికి రెండు మూడు నిమిషాలు."

బావ మెట్లెక్కాడు. లిఫ్ట్ దగ్గర క్యూ ఉంది, క్యాంటీన్ కార్డు పనిచెయ్యక తిండికి బయటికెళ్ళేవాళ్ళు. ఆరో అంతస్తుకి చేరేసరికి ఊపిరి అందలేదు. రూల్సు చెప్పిన కొలెస్ట్రాల్ గుర్తొచ్చింది.

పెద్దాయన స్క్రీన్ మీద ఉంది: నాలుగు గంటలు, పాత వంతెన, తూర్పు వైపు, బూడిదరంగు కారు. వేలు ముద్ర వేసే పలక మీదికి వెళ్తోంది. బావ ఆ మణికట్టు పట్టుకున్నాడు.

"మీ మోకాలి ప్రోగ్రామే కన్నం. ఈ స్క్రీన్ వాళ్ళు చూస్తున్నారు. ఇప్పుడు కూడా."

పెద్దాయన స్క్రీన్ మూలన ఉన్న ఆకుపచ్చ చుక్క వైపు చూశాడు. ఎన్నాళ్ళుగానో ఉన్న చుక్క అది. వైరు లాగెయ్యబోయాడు.

"లాగితే మన మెసేజ్ కూడా పోదు. పరికరం ఎంతసేపు తెరిచుంటుంది?"

"ఇంకా నాలుగు నిమిషాలు. అంతే, మళ్ళీ రేపే."

"రూల్సు అడ్డు పెడుతున్నాడు. అది పడేదాకా ఏమీ ముట్టుకోకండి."

ఇద్దరూ నిలబడ్డారు. వంతెన మాట స్క్రీన్ మీద అలాగే ఉంది. తుడిపినా లాభం లేదు, చదివినవాళ్ళు చదివేశారు. గోడ మీద గడియారం ముల్లు రెండుసార్లు జరిగింది. ఆకుపచ్చ చుక్క ఆరింది. ఇంటర్‌కమ్‌లో రూల్సు గొంతు వచ్చింది. "పడిందండీ."

పెద్దాయన పాతది చెరిపి రెండు వేళ్ళతో టైప్ చేశాడు. వంతెనకి రావద్దు. నడిచి లాంచీ రేవుకి వెళ్ళు. టికెట్ కొనుక్కుని అందరితో పాటు ఎక్కు. పలక మీద వేలు పెట్టాడు. ఎర్ర లైటు. మళ్ళీ పెట్టాడు. ఎర్ర లైటు.

"చెమట సార్. వేలు తుడుచుకోండి."

చొక్కాకి తుడుచుకుని మూడోసారి పెట్టాడు. మెసేజ్ వెళ్ళింది. పరికరం మూసుకునే ముందు అవతలి నుంచి ఒక్క బీప్ వచ్చింది. చేరిందని అర్థం.

పెద్దాయన కుర్చీలో కూలబడ్డాడు. "అమ్మయ్య" అనబోయి ఆగాడు. ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

"అల్లుడు," అన్నాడు బావ.

కారు డ్రైవర్లతో మాట్లాడటానికి ఒక యాప్ ఉంది, పైకి బ్యాంకు యాప్‌లా నడిచేది. బావ ఆఫీసు ఫోన్‌లో తెరిచాడు. 'ఇప్పుడే బయల్దేరి వెళ్ళిపో' అని కొట్టాడు. యాప్‌లో చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. కిందికి ఫోన్ చేస్తే రూల్సు కంప్లయింట్ల కుప్ప వెతికి చెప్పాడు. డ్రైవర్ల యాప్ కవర్లు విప్పడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఆగిపోయింది. ఎవరో అప్పుడే కంప్లయింట్ పెట్టారు. జీతాల యాప్ కంప్లయింట్ల కింద పడి ఉంది.

"దానికి మినహాయింపు ఇవ్వు. వెంటనే."

"రాశాను. గేట్‌వే ఒప్పుకోవాలి కదండీ."

గేట్‌వే ఒప్పుకుంది. మెసేజ్ వెళ్ళింది. ఒక టిక్ పడింది. బావ ఫోన్ అరచేతిలో పెట్టుకుని రెండో టిక్ కోసం చూస్తూ కూర్చున్నాడు. నాలుగైంది. ఐదైంది. పడలేదు.

పిన్ని లాంచీ ఎక్కిందని ఆరు గంటలకి కబురొచ్చింది. ఆ తర్వాత కాసేపటికి బావ సొంత ఫోన్ మోగింది.

"పిన్ని దాటేసిందట. సంతోషం," అంది మరదలు.

"అల్లుడు?"

"ఆ పని చూసేవాళ్ళు వేరే. నన్నడక్కు." అవతల ఏదో స్టేషన్ అనౌన్స్‌మెంట్ వినిపిస్తోంది. "నేను అబద్ధమాడలేదు బావా. డాక్టర్ల దారిలోనే ఉందని చెప్పాను. ఉంది కదా?"

"అన్నీ విప్పమన్నావు."

"మీరు అందరివీ విప్పుతారనీ, ఆయనది విప్పరనీ మాకు తెలుసు. చూసి ఏమీ లేదనుకుంటారు, ధైర్యం వస్తుంది, పంపుతారు. నీకు మోకాలు తట్టింది కాబట్టి సరిపోయింది. నీ ఉద్యోగం నిలబడింది."

"నీ ఉద్యోగం?"

"నేనెప్పుడూ ఏదో ఒక వైపు ఉంటాను." పెట్టేసింది. షోరూమ్‌కి పంపిన మనుషులకి సోఫా మాత్రమే కనిపించింది.

వారం తర్వాత కమిటీ కూర్చుంది. ముఠా పథకం విఫలమైందని మీటింగ్ మినిట్స్‌లో రాశారు. 'తాత్కాలికం' తీసేశారు. మూడు దారులకీ ఇచ్చిన మాట తిరిగి ఇవ్వాలా వద్దా అన్నది చర్చకొచ్చింది. బావ ఇవ్వాలన్నాడు. క్లినిక్ లాంటి అనుమానమున్న చోట ఒక్కదాన్నే ఆపితే చాలు, అందరి కవర్లూ అక్కర్లేదన్నాడు. రూల్సు చెయ్యొచ్చన్నాడు, పని ఎక్కువే గానీ చెయ్యొచ్చన్నాడు.

"విప్పి చూడబట్టే కదా పిన్ని బతికింది," అన్నారు కమిటీలో ఒకరు.

విప్పిన కవర్లలో ఏమీ దొరకలేదని బావ రెండుసార్లు చెప్పాడు. అల్లుడి మాట ఎత్తాడు. అల్లుడి మాట విడిగా, ఇంకో కమిటీలో చూద్దామన్నారు. విప్పడం కొనసాగించాలని తీర్మానించారు. బిల్డింగ్‌లో సగం మంది అప్పటికే సొంత ఫోన్ల నుంచి పనిచేస్తున్నారు. ఆ సంగతి అజెండాలో లేదు. అనువాదకురాలు ఉద్యోగం మానేసింది. ఎందుకో బావకీ రూల్సుకీ తెలుసు. మానేసే ముందు ఆవిడ వీళ్ళిద్దరినీ మెట్ల మీద చూస్తే పక్కకి తిరిగి వెళ్ళేది.

పిన్ని ఆఫీసుకి వచ్చింది. ఫీల్డ్ నుంచి వచ్చినవాళ్ళు కౌన్సెలర్‌తో ఒకసారి మాట్లాడాలని నిబంధన. బావ ఆవిడకి ఖాళీ గది చూపించి, కంప్యూటర్ తెరిచి ఇచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అల్లుడికి ఎవరున్నారు?" అంది.

"తల్లి ఉందండీ."

"ఏం చెప్పారు ఆవిడకి?"

"కారు యాక్సిడెంట్ అని."

"బాబాయ్ వాళ్ళ అన్నకి?"

"అదీ యాక్సిడెంటే."

పిన్ని తలూపింది. స్క్రీన్ మీద కౌన్సెలర్ పేజీ వచ్చింది. పైన కొత్త పట్టీ ఉంది: మీ భద్రత కోసం ఈ సంభాషణను పరిశీలించవచ్చు. ఆవిడ దాన్ని చివరిదాకా చదివింది. బావ బయటికి వెళ్ళి తలుపు దగ్గరికి వేశాడు.

ఎలా ఉన్నారు అని కౌన్సెలర్ అడిగాడు. పిన్ని పైనున్న పట్టీ వైపు మళ్ళీ చూసింది. తర్వాత కొట్టింది. "బాగున్నాను."

గేట్‌వే ఆ మాటని విప్పి, చూసి, ప్రమాదమేమీ లేదని లాగ్‌లో రాసుకుని పంపించేసింది.